ఖో అనని సగం

నంద్యాల కాలేజీ గ్రౌండు వెనక సామాన్ల గది. ఆళ్లగడ్డ అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టు సగం ఆటకు అయిదు–సున్నాతో వెనకబడి ఉంది. కాలు బెణికిన కెప్టెన్ సౌజన్య, డ్రిల్లు మాస్టరు యెషయా.

"అయిదమ్మీ. అయిదు గోల్సు. వాళ్ళ కీపరుకు చెమట గూడా పట్టలే."

"మాకు పట్టింది గద సార్. నిలబడి నిలబడి."

"నువ్వు కాలు కదపొద్దు, ఐసు పెట్టుకో. నేను పోయి పిల్లోళ్ళకు నాలుగు మాటలు చెప్పొస్తా."

"ఇంగా టైముంది, ఫోన్లో చూస్తాండా. ఏం చెప్తారో ముందు నాకు చదవండి."

"రెండు పేజీలు రాసుకొచ్చినా."

"ఎప్పుడు రాసినారు?"

"పొద్దున బస్సులో, శిరివెళ్ల దాటినంక."

"ఓడిపోతామని శిరివెళ్ల కాడనే తెల్సా సార్?"

"మూడనుకున్నా. ఇప్పుడు అయిదని దిద్దినా. ఇను. 'సింహాల్లారా...'"

"ఆడపిల్లలం సార్."

"'ఆడ సింహాల్లారా. దావీదు చిన్నోడు. గొల్యాతు కొండంతోడు. అయినా దావీదు ఒక్క రాయితో...'"

"ఎవరన్నా ఖో అన్నంకనే ఇసిరినాడా సార్, ఆ రాయి?"

"ఏం మాటది?"

"మూడో గోలప్పుడు బాలు మంజుల కాళ్ళ ముందరనే పోయింది. ఏందిమే అంటే, ఏంజెల్ ఇంగా ఖో అనలేదంట."

"పిలవకుండా లేస్తే తప్పు గదమ్మీ. ఇరవై రెండేండ్లు ఖోఖో నేర్పించినా. జిల్లా కప్పులు నాలుగు."

"అది కూచ్చోని ఆడేది సార్. మీరు మమ్మల్ని నిలబెట్టి గూడా కూచ్చోబెట్టినారు. బస్సు కోసం నిల్చున్నారా అని అడిగింది వాళ్ళ కీపరు."

"విజిలేసినట్లుంది?"

"రోడ్డు మీద ట్రాఫిక్కోళ్ళది. చదవండి."

"యాడ చదివేది? ప్రిన్సిపాలు మేడమ్ ఏమనిందో తెల్సా? ఏడు మ్యాచులాడినారు, ఈ రోజన్నా ఒక్క గోలు పడకుంటే జట్టు ఎత్తేస్తా, ఆ గోలుపోస్టు వల తీసి హాస్టల్లో కాకర పందిరికి కట్టిస్తా అనింది."

"కాకరకాయలన్నా పడతాయి సార్ దాంట్లో."

"నవ్వు నీకు. తలుపెవరో కొడతాండారు."

"గాలి సార్."

"ఈ ఎండలో గాలా?... సరేలే. ఒకటి అడుగుతా, నిజం చెప్పు. నేను చెడగొట్టినానా మిమ్మల్ని?"

"చెడగొట్టలే సార్. మా నాయన వద్దంటే రెండుసార్లు ఇంటికొచ్చి ఒప్పించినారు. బూట్లు ఇప్పించినారు. పరిగెత్తమని చెప్పడమొక్కటే మర్చిపోయినారు."

"అయితే ఇప్పుడు పోయి చెప్తా. ఎవరూ ఖో కోసం ఆగొద్దని."

"మీరు చెప్తే అది ఇంగో ఖో అయితాది. గీత కాడ మీరుంటే పదిమందీ మీ నోటి దిక్కే చూస్తారు. బాలు ఎవరు చూస్తారు?"

"మల్ల కొట్టినారు తలుపు."

"గాలే."

"లే, తీస్తా నేను... ఇది రావడంలే గదమ్మీ."

"బయట గడియ పెట్టిండారు."

"ఎవరు?"

"బెంచీ మీదుండే మన లావణ్య. నేనే పెట్టమన్నా."

"మరి ఆట?"

"మొదలై పది నిమిషాలాయ. ఆ విజిలు ట్రాఫిక్కోళ్ళది కాదు."

"నన్ను లోపలేసి ఆడతాండారా?"

"తప్పే సార్. రేపు గ్రౌండు చుట్టూ ఎన్ని రౌండ్లయినా కొట్టించండి, నా కాలు బాగయినంక. గోలు పడితే తలుపు కొట్టమని లావణ్యకు చెప్పినా. మనది పడితేనే."

"మనది పడితేనేనా?"

"కోపమొచ్చిందా సార్?"

"రెండుసార్లు కొట్టింది గదమ్మీ."

"ఆ సార్. రెండుసార్లు."

"గడియ అట్లనే ఉండనీ. కూచ్చో, రెండో పేజీ చదువుతా."