వెలగని లేజరు

హలో… ఆ, నేనే. అక్కనే. నా ఫోను ఇంకెవరు తీస్తారు?

…పది రోజులైందా? అయితే అయింది. నాకు వేరే పనుల్లేవా? నువ్వు పరీక్షించమని పంపిన లేజరు పుల్లని చూడగానే తెలిసిపోయింది అదెంత చవకబారుదో. తీసుకెళ్ళి సొరుగులో పడేశాను. ఇవాళ తీరిగ్గా తీశాను.

…చూశాను. లెన్సుల ఫ్యాక్టరీలో ఇరవయ్యేళ్ళుగా పరీక్షలు చేస్తున్నాను, ఇంత సిగ్గులేని వస్తువుని చూళ్ళేదు.

…“బాగుందా” అనా? పైన పటారం, లోన లొటారం. ఒంటికి బంగారు రంగు, జేబుకి తగిలించుకునే క్లిప్పు, మెత్తటి పెట్టె. పెట్టె బాగుంది. పెట్టెలు అమ్ముకో.

…ఆ, స్టిక్కరు చదివాను. వెలుగు బలం ఐదు మిల్లీవాట్ల లోపే అని రాశాడు… ఏంటీ, నీ దానికి అంకె పడలేదా? మధ్యలో మాసిపోయిందా? భూతద్దం పెట్టి చూసినా?… బడి కోసం కొన్న నలభైటికీనా! చూడు మరి, అబద్ధాన్ని కూడా సరిగ్గా అచ్చు వేయించలేనివాడి దగ్గర కొన్నావు. నా దగ్గరున్నదానికి మాత్రం శుభ్రంగానే ఉంది.

…వినరా ముందు. గడియారాలు బాగుచేసేవాడివి, ఆమాత్రం అర్థం కాకపోదు. దీని కడుపులో పుట్టేది నీకు కనపడే ఆకుపచ్చ వెలుగు కాదు. కంటికి కనపడని వెలుగు. టీవీ రిమోట్ నొక్కితే నీకేమైనా కనిపిస్తుందా? టీవీకి తెలుస్తుంది కదా. అలాంటిదే, దానికి తాత. లోపల చిన్న స్ఫటికం ఉంటుంది. అది కొంత వెలుగుని ఆకుపచ్చగా మారుస్తుంది. మారకుండా మిగిలిపోయిందాన్ని ఆపడానికి మూతి దగ్గర ఒక గాజుబిళ్ళ పెట్టాలి.

…పెట్టలేదు! విప్పి చూశాను. గోరంత బిళ్ళ. అక్కడ మిగిల్చుకున్నాడు మహానుభావుడు.

…కొలిచాను, కొలవకుండా ఎందుకంటాను? ఆకుపచ్చది మూడు మిల్లీవాట్లు. కనపడనిది ముప్పై.

…“మూడేగా, ఐదు లోపేగా”? నీ తెలివి తెల్లారినట్టే ఉంది. ఆ ముప్పై ఎవరి కంట్లోకి పోతుందిరా?

…ఏం చేశావ్? మళ్ళీ చెప్పు… బాగా వెలిగేవి బడి సార్లకి, మసగ్గా ఉన్నవి పిల్లల బహుమతులకి అని విడదీశావా. వెలుగు తక్కువ కాబట్టి ప్రమాదం తక్కువని! నీకు శాలువా కప్పాలి.

…తలకిందులురా! మసగ్గా ఉందంటే స్ఫటికం సరిగ్గా పనిచెయ్యట్లేదని. మారని వెలుగంతా అలాగే బయటికొస్తుంది. వాటన్నిట్లోకీ మసకదే దుర్మార్గపుది. పైగా, కళ్ళు జిగేల్‌మంటే రెప్ప దానంతటదే పడుతుంది. కనపడని దానికి ఎందుకు పడుతుంది? తలుపు తీసిపెట్టి దొంగని రమ్మన్నట్టే.

…ఇంకా ఎవరికీ ఇవ్వలేదు కదా?… ఒక్కటి కూడా?… బతికించావు. మొత్తం డబ్బా పక్కన పెట్టెయ్.

…బడి పెద్దసారుకి ఏం చెప్పాలా? బోర్డు మీద చూపించుకోవడానికి ఓ కర్రపుల్ల ఇవ్వు. అరిగిపోదు, ఎవరి కళ్ళూ తియ్యదు.

…ఒకటి అసలు వెలగనే లేదా? అదీ మంచి సరుకే… బాగుచేద్దామని కూర్చున్నావా? అంతేలే. ఆగిపోయిన వస్తువు కనపడితే నీ చెయ్యి ఊరుకోదుగా. సెల్లు మార్చావా?… అయినా వెలగలేదా? అప్పుడు?

…

ఎలా చూశావ్?

…

మూతిలోకా? మీట నొక్కి పట్టుకునా?… భూతద్దం పెట్టుకుని?

…

ఎంతసేపు?… గుర్తు లేకపోతే ఉజ్జాయింపుగా చెప్పు… ఎన్నిసార్లు?

…లేదురా, తిట్టట్లేదు. అడుగుతున్నా. ఎప్పుడు?… పోయిన సోమవారం.

…

ఆఁ, ఉన్నాను. సోమవారానికి నాది సొరుగులో ఉంది. అదే ఆలోచిస్తున్నాను… ఏ కంటితో చూశావ్?… కుడి. నువ్వు పనిచేసేది ఆ కంటితోనేగా.

…ఇందాక స్టిక్కరు మీద అంకె లేదన్నావు. నలభైటికీ లేదన్నావు… ఉండు, దాని సంగతి తర్వాత. నేను చెప్పినట్టు చెయ్యి. ఎడమ కన్ను అరచేత్తో మూసుకో. కొట్లో గోడ నిండా గడియారాలేగా, ఎదురుగా ఉన్న పెద్దదాన్ని చూడు. సరిగ్గా మధ్యలో, ముళ్ళు కలిసేచోట.

…అంకెలు కనిపిస్తున్నాయి. ముళ్ళ చివర్లు కనిపిస్తున్నాయి… మధ్యలో శీల లేదా?

…పక్కదాన్ని చూడు.

…దానికీ లేదా.

…దాని పక్కది.

…

చాలు. చెయ్యి తియ్యి. చెయ్యి తియ్యరా నాన్నా. గడియారాలకేం కాలేదు.

…స్టిక్కరుకీ ఏం కాలేదు.

…“తగ్గిపోతుందిలే” అంటూ ఇప్పటికే వారం చేశావు. మరదలు ఉందా అక్కడ? ఫోను తనకివ్వు… ఇవ్వు.

అమ్మాయ్, నేను. కొట్టు మూసెయ్… ఇప్పుడే. వాణ్ణి కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళు. కంటి లోపలి పొర చూసే డాక్టరు కావాలని అడుగు. లేజరులోకి చూశాడని చెప్పు, సోమవారం అని చెప్పు, దాచకు… తెలీదమ్మా. చూపు తిరిగొస్తుందో రాదో నాకు తెలీదు. నాకూ భయంగానే ఉంది. ఆ వస్తువుని వెంటనే విప్పి చూసి ఉంటే ఆరోజే వాడికి ఫోన్ చేసేదాన్ని. వెక్కిరించి సొరుగులో పడేశాను.

…ఆ డబ్బా ఎవరి చేతికీ ఇవ్వకు. బయల్దేరుతున్నా.

…ఏమంటున్నాడు వాడు?… సాయంత్రం ఎవరికో గడియారం ఇవ్వాలా? ఇవ్వక్కర్లేదని చెప్పు… ఇంకా ఏదో అంటున్నాడు, ఏంటది?

…

అక్క ఇంకా తిడుతోందా అనా?

…లేదని చెప్పు. వాడికి వినపడేలా చెప్పమ్మా. అక్క తిట్టట్లేదు, వస్తోందని చెప్పు… పెట్టేస్తున్నా.