మా బావ ఫిజిక్స్ చదువు

ఏంటమ్మాయ్, మళ్ళీ చెప్పు, ఈ చెవి సరిగ్గా పనిచెయ్యదు. డిగ్రీయా? ఫిజిక్సా? ముప్ఫై ఏడేళ్ళకా? ఊఁ. కూర్చో. నవ్వడం లేదులే, నా ముఖమే అంత. ఈ వయసులో చదివితే ఉద్యోగం వస్తుందా అని నన్నడుగుతున్నావు చూడు, ఇంకెవరూ దొరకలేదా నీకు? మీ అమ్మనడిగావా? ఏమంది? లేచి వంటింట్లోకి వెళ్ళిపోయిందా. వెళ్తుంది మరి. మీ తాత సంగతి నీకెవరూ సరిగ్గా చెప్పినట్టు లేరు. నువ్వు పుట్టేనాటికే పోయాడాయె. మీ అమ్మమ్మ ఏదో చెప్పే ఉంటుంది, కానీ మా అక్క ఏది చెప్పినా దానికి కాస్త రంగు పూసేది.

మా బావ, అదే మీ తాత, ఐసు ఫ్యాక్టరీలో మిషను నడిపేవాడు. ఉప్పునీళ్ళ తొట్టెలో నీళ్ళడబ్బాలు దించితే మర్నాటికి దిమ్మలు కట్టేవి. ఆ దిమ్మలు వ్యానులో వేసుకుని షాపులకి తోలేది నేను. "ఒరేయ్, ఈ నీళ్ళల్లో వేడి ఎక్కడికి పోయిందిరా?" అనేవాడు. "నా నెత్తి మీదికి బావా" అనేవాణ్ణి. నవ్వేవాడు కాదు. ఒకసారి ఇంజనీరు గారిని అడిగితే "నీకెందుకయ్యా, నువ్వు గేజి చూసుకో చాలు" అన్నాట్ట. అది గుచ్చుకుంది మనిషికి. తర్వాత ఫ్యాక్టరీ మూసేశారు. తోటివాళ్ళంతా పనులు వెతుక్కుంటుంటే ఈయన ఎప్పుడో పాసైన ఇంటరు పట్టుకుని కాలేజీలో చేరతానన్నాడు, నలభై ఆరేళ్ళ వయసులో. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి. మా నాన్న "కోటి విద్యలూ కూటి కొరకే అల్లుడుగారూ, ముందు కూటి సంగతి చూడండి" అన్నాడు. "డిగ్రీ అయితే ఏదో ఒక కాలేజీ ల్యాబులో ఉద్యోగం వస్తుంది మావయ్యగారూ. అక్కడ ఏదైనా అడిగితే ఎవరూ కసరరు" అన్నాడు బావ. గవర్నమెంటు ఉద్యోగాలకి వయసు దాటిపోయిందని తెలుసు. ప్రైవేటు కాలేజీలు ఉన్నాయిగా అని ఆశ. ఇంటి ఖర్చంటావా, మా అక్క కుట్టుమిషను తొక్కింది, నేనూ అంతో ఇంతో చూశాను, అదలా ఉంచు.

అసలు చిక్కేమిటంటే ఆ ఏడే మీ అమ్మ కూడా కాలేజీలో చేరింది. ఊళ్ళో ఉన్నది ఒకటే కాలేజీ. అదే ఫిజిక్సు, అదే క్లాసు. మొదటి రోజు మీ తాత ఇస్త్రీ చొక్కా వేసుకుని గదిలోకి అడుగుపెడితే మాస్టారనుకుని పిల్లలంతా లేచి నిలబడ్డారట. మీ అమ్మ కూడా లేచింది, ఏం చేస్తుంది. ఈయన వెళ్ళి ఆఖరి బెంచీలో కూర్చునేసరికి ఒకటే నవ్వులు. ఆ రోజు ఇంటికొచ్చి మీ అమ్మ అన్నం ముట్టలేదు. మీ తాతే అన్నాడు, "కాలేజీలో నేను నీకేమీ కానమ్మా, సరేనా?" అని. ఇక అంతే. ఈవిడ ముందు గేటు, ఆయన వెనక గేటు. ల్యాబులో ఇద్దరిద్దరిని జతకలిపితే, ఖర్మ చూడు, వీళ్ళిద్దరికీ ఒకే బల్ల పడింది. లోలకం ఊగుతుంటే "మీరు లెక్కపెట్టండి" అని ఈవిడ, "అలాగేనండీ" అని ఆయన. తండ్రి కూతుర్ని అండీ అనడం నువ్వెక్కడైనా విన్నావా? ఒకసారి భోజనాల దగ్గర అలవాటులో "కాసిని నీళ్ళివ్వండి" అనేశాడు. నేనూ అక్కడే ఉన్నాను. నాకు నవ్వొచ్చింది. మీ అమ్మ మటుకు కంచం ముందునుంచి లేచిపోయి గదిలో తలుపేసుకుంది. నన్నడిగితే దాని తప్పేం లేదమ్మా. పదిహేడేళ్ళ పిల్ల. ఆ వయసులో ఎవరికైనా నలుగురిలో తల కొట్టేసినట్టే ఉంటుంది.

ఆఁ, పాసయ్యాడు, ఎందుకు పాసవడు. సెకండు క్లాసు. మీ అమ్మకి ఫస్టు క్లాసు. పక్క ఊళ్ళో కొత్త కాలేజీ పెట్టి, ల్యాబులో పిల్లల చేత ప్రయోగాలు చేయించడానికి మనిషి కావాలన్నారు. ఇద్దరికీ పిలుపొచ్చింది. ఒకటే పోస్టు. మీ అమ్మమ్మ నీతో ఏం చెప్పిందో నాకు తెలుసు. కూతురి కోసం త్యాగం చేశాడని చెప్పి ఉంటుంది. త్యాగం లేదు, పాడూ లేదు. నా వ్యానులో వాళ్ళని తీసుకెళ్ళింది నేనే. దారి పొడుగునా మీ తాత పాఠం అప్పజెప్పుకుంటూనే ఉన్నాడు. ఆ ఉద్యోగం ఆయనకి కావాలి తల్లీ, ఎంత కావాలో నాకు తెలుసు. అక్కడ వరండాలో కుర్చీలు వేశారు, అన్నీ మీ అమ్మ ఈడు పిల్లలే. మీ అమ్మ వాళ్ళతో మాట్లాడుతూ కూర్చుంది. ఈయన నా పక్కన, గోడవార. మీ అమ్మని పిలిచారు, వెళ్ళొచ్చింది. తర్వాత అటెండరు బయటికొచ్చి మీ తాత పేరు పిలిచాడు. ఎవరూ లేవలేదు. మళ్ళీ పిలిచాడు. పిల్లలంతా ఎవరా అని అటూ ఇటూ చూస్తున్నారు. మీ తాత మీ అమ్మ వంక చూశాడు. అది తల వంచుకుని చెప్పులు చూసుకుంటోంది. నేను మోచేత్తో పొడిచాను, "బావా, నిన్నే" అని. అటెండరు మా దగ్గరికే వచ్చాడు. "పెద్దాయనా, ఈ పేరుగలాయన మీకేమైనా తెలుసా?" అన్నాడు.

"ఆయన రాలేదండీ. నేను మా అమ్మాయితో వచ్చాను" అన్నాడు మీ తాత.

మీ అమ్మ వినలేదేమో అనుకునేవాణ్ణి చాలా ఏళ్ళు. వింది. ఆ ఉద్యోగంలో రిటైరయ్యేదాకా చేసింది, మీ తాత ఉన్నన్నాళ్ళూ ఒక్కనాడూ ఆయన్ని ఆ ల్యాబు చూడ్డానికి రమ్మనలేకపోయింది. ఆయనా అడగలేదు. మళ్ళీ వెళ్ళి ఏదో కోల్డు స్టోరేజీలో గేజీలు చూసుకుంటూ...

ఆ కిటికీ వెయ్యమ్మాయ్, చలిగాలి కొడుతోంది.