గొంతు పోయినా పాఠం ఆగలేదు: వసంతలక్ష్మి టీచర్ సంతాప సభలో లెక్కల ఉపాధ్యాయుడు రఘుపతి మాటలు

పత్తి చేలల్లో పని ఆపుకొని వచ్చిన తల్లిదండ్రులారా, నకిరేకల్ కాలేజీ నుంచి వచ్చిన మా పాత విద్యార్థులారా, ఈ బడి పిల్లలారా, తోటి ఉపాధ్యాయులారా, మీ అందరికీ నమస్కారం. పరమేశ్వర్ గారూ, శ్రవణ్, ఇల్లాలిని, తల్లిని పోగొట్టుకున్న మీకు ఏ మాట చెప్పినా చాలదు. అయినా మాట్లాడమన్నారు. మాట్లాడతాను.

ఈ ఆవరణలో ఏ సభ జరిగినా మైకు వసంతలక్ష్మి టీచర్ చేతిలోనే ఉండేది. ఇవాళ అది నా చేతికి వచ్చింది. నేను లెక్కల సారును. మాటలు అంతగా రావు. ఆమెను అక్కా అని పిలిచాను, ఇప్పుడూ అక్క అనే అంటాను. పెద్దలు తప్పుగా అనుకోవద్దు.

చిట్యాలలో మగ్గం చప్పుడు వింటూ పెరిగిన మనిషి వసంతక్క. వాళ్ల బాపు నేత పనిచేస్తే, ఈమె తెలుగు పండిట్ అయింది. పద్యం ఎత్తుకుంటే పక్క గదిలో నా లెక్కలు ఆగిపోయేవి. పిల్లలే కాదు, నేనూ వినేవాణ్ని. అలాంటి మనిషికి సెల్‌ఫోన్ అంటే మాత్రం గిట్టేది కాదు. "పాఠానికి మొఖం మొఖం చూసుకోవాలె సార్, గీ డబ్బాల ఏముంటది" అనేది.

కరోనా వచ్చింది. బడికి తాళం పడింది. అప్పుడు కొడుకు శ్రవణ్ చేత స్మార్ట్‌ఫోన్ కొనిపించుకుంది. వంటింట్లో బియ్యం డబ్బాకు ఫోన్ ఆనించి మొదటి పాఠం రికార్డు చేసి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. కాసేపటికి ఒక పిల్లవాడి తండ్రి పోచయ్య గ్రూపులోనే చెప్పాడు: "టీచరమ్మా, మాట మంచిగనే ఇనవడ్తాంది గని, మీరు కనవడ్తలేరు. ఫ్యాను కనవడ్తాంది." ఇంకొకరైతే సిగ్గుపడి మానేసేవారు. అక్క ఏమందో తెలుసా? "ఫ్యాను గూడ పాఠం ఇంటాంది అన్నా. రేపు నన్ను గూడ సూపిస్త." పోచయ్య ఇక్కడే కూర్చున్నాడు, తల ఊపుతున్నాడు చూడండి.

ఆ రోజుల్లో చాలా ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఎక్కడిది? ఆరో తరగతి హరిత ఇంట్లో ఉన్నది బటన్ ఫోన్. తల్లి కూలికి పోతే, హరిత నాయనమ్మ గోవిందమ్మతో బత్తాయి తోట కాపలాకు వెళ్లేది. వీడియో చూడలేని పిల్లలను ఏం చేయాలి? అక్క నాకు ఫోన్ చేసి, ఒకేసారి నలుగురైదుగురితో మాట్లాడే పద్ధతి ఉంటుందట కదా, చెప్పమంది. కాన్ఫరెన్స్ కాల్ ఎలా కలపాలో చెప్పాను. మొదట కలిపిన వాళ్లను కట్ చేసేది, కట్ చేసిన వాళ్లను మళ్లీ కలిపేది. పట్టు వదల్లేదు. ఆ తర్వాత రోజూ పద్యం పాడి చెప్పేది, పిల్లలు ఒక్కొక్కరూ తిరిగి పాడాలి. హరిత బడిలో నోరు తెరిచే పిల్ల కాదు. తోటలో ఎవరూ చూడటం లేదన్న ధైర్యంతో మొదటిసారి గొంతెత్తింది. ఒకరోజు ఫోన్ ఆలస్యమైతే గోవిందమ్మే అడిగిందట, "పంతులమ్మ ఇంక చెయ్యకపాయె, పానం మంచిగున్నదో లేదో" అని.

తర్వాత మన బడికి గోడంత డిజిటల్ బోర్డు వచ్చింది. మండలంలో శిక్షణ పెట్టారు. చెప్పే అబ్బాయి గబగబా చెప్పుకుపోతున్నాడు. అందరం అర్థమైనట్టు కూర్చున్నాం. అక్క లేచి నిలబడింది. "మల్లొక్కసారి సూపియ్యి బిడ్డా. ఒక్కసారి చెప్తే రాని పిల్లలకు చెప్పేదాన్ని, నాకూ ఒక్కసారికి రాదు" అంది. ఆ అబ్బాయి కోపం తెచ్చుకోలేదు. మళ్లీ మొదటి నుంచి చూపించాడు. నిజం చెప్పాలంటే ఆ రోజు మా అందరికీ వచ్చింది ఆమె లేచి అడగడం వల్లే.

మిత్రులారా, ఆ తర్వాతి మాట చెప్పడం కష్టం.

అక్క గొంతు బొంగురుపోయింది. పిల్లల మీద అరిచీ అరిచీ అనుకున్నాం. సుద్దపొడి అనుకున్నాం. హైదరాబాద్ దవాఖానలో పరీక్షలు చేసి క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. మెడ దగ్గర చిన్న రంధ్రం, దాంట్లోంచే ఊపిరి. మాట లేదు. పద్యం లేదు. తెలుగు టీచర్‌కు గొంతు పోవడమంటే ఏమిటో మీరే చెప్పండి.

ఇక రాదనుకున్నాం. దసరా సెలవుల తర్వాత బడి తెరిచిన రోజు బస్సు దిగి నడిచి వచ్చింది, మెడకు పలుచని నూలు గుడ్డ కట్టుకొని. పాఠాలు వద్దు, లైబ్రరీ చూసుకొమ్మని హెడ్‌మాస్టర్ మంచి మనసుతోనే చెప్పారు. అక్క ఫోన్ తీసి టైప్ చేసి ఆయనకు చూపించింది: "గొంతు పోయింది గని పాఠం పోలేదు సార్." సుద్దపొడి దగ్గరికి పోవద్దని డాక్టర్ చెప్పాడు కాబట్టి, డిజిటల్ బోర్డు ఉన్న గది ఇస్తే చాలని రాసింది.

ఆ మొదటి క్లాసు పదో తరగతికి. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. టైప్ చేసింది చదివి వినిపించే యాప్‌ను బోర్డుకు కలిపింది. పద్యం రాసి నొక్కింది. యంత్రం వార్తలు చదివినట్టు చదివింది. విరుపు లేదు, రాగం లేదు. పిల్లలు తలలు దించుకున్నారు. కొందరి కళ్లల్లో నీళ్లు. అక్క కాసేపు చూసి, తల అడ్డంగా ఊపి, ఏదో టైప్ చేసి నొక్కింది. "గిట్ల గాదు" అంది యంత్రం, అదే వార్తల గొంతుతో. ఒక్కసారిగా తరగతంతా నవ్వింది. అక్క కూడా నవ్వింది. ఆ నవ్వుకు శబ్దం లేదు.

అప్పుడు వెనక బెంచీలోంచి, పదో తరగతికి వచ్చిన మన హరిత లేచింది. బత్తాయి తోటలో నేర్చుకున్న రాగంలో ఆ పద్యం ఎత్తుకుంది. అక్క చెయ్యి గాలిలోకి లేచింది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ సాగదీయాలో ఆ చెయ్యి చెప్పింది. ఆ రోజు నుంచి పాఠం అలాగే నడిచింది. బోర్డు మీద అక్క రాసేది, పిల్లలు చదివేవారు. పదం తప్పుగా విరిస్తే ఆ పదం కింద వేలితో ఎర్రగీత గీసేది. మళ్లీ చదివేవారు. ఆ తరగతిలో చదవడానికి భయపడే పిల్ల గానీ పిల్లవాడు గానీ మిగల్లేదు.

కరోనా నాటి రికార్డింగులు ఉన్నాయి కదమ్మా, అవి వినిపించరాదా అని శ్రవణ్ అడిగాడట. అక్క రాసిన జవాబు శ్రవణ్ నాకు చూపించాడు: "అది పోయిన గొంతు బిడ్డా. తరగతిల గిన్ని గొంతులున్నయి, అవి సాలు." పరమేశ్వర్ గారూ, ఆ మాట మీకు ఎంత కష్టంగా ఉండి ఉంటుందో నేను ఊహించగలను. మీరు ఆమె ముందు ఏనాడూ కన్నీరు పెట్టలేదు. రోజూ బస్సు ఎక్కించారు, రోజూ ఎదురు చూశారు. మా బడి మీకు రుణపడి ఉంది.

ఈ ఏడు జబ్బు తిరగబెట్టింది. దవాఖాన మంచం మీద ఉన్నా ఆమె ధ్యాస ఇక్కడే. వానలకు తడి చేరి మన బోర్డు పాడైంది. రాసిన చోట కాకుండా వేరేచోట గీత పడేది. "బోర్డు మంచిగైందా సార్" అని మెసేజ్ పెట్టేది. ఇంకా కాలేదక్కా అని రాసేవాణ్ని. "జర సూడుండ్రి, పిల్లలు ఆగమైతరు" అని చివరిసారి రాసింది. పిల్లల చదువు చెడిపోతుందనే ఆమె బెంగ.

బోర్డు బాగైంది. అక్క పోయిన మర్నాడు మనిషి వచ్చి బాగుచేసి వెళ్లాడు. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. మంచిగైందక్కా అని టైప్ కూడా చేశాను. ఎవరికి పంపాలి?

ఆమె జాగాలో వచ్చిన దయాకర్ సారు నిన్న ఆ గదిలోకి వెళ్లారు. కొత్త మనిషి, ఎలా మొదలుపెట్టాలో తెలియక బోర్డు మీద పద్యం తెరిచి నిలబడ్డారట. ఆయన ఏమీ అడగకముందే ముందు బెంచీ పిల్ల లేచి చదివిందట. తర్వాత పక్క పిల్లవాడు, తర్వాత ఇంకొకరు. గంట కొట్టేదాకా ఎవరూ ఆపలేదని దయాకర్ సారే వచ్చి నాకు చెప్పారు.

అక్కా, బోర్డు మంచిగైంది. పిల్లలు ఆగం కాలేదు.

పెద్దలారా, తల్లులారా, పిల్లలారా, అందరం లేచి నిలబడదాం. లేవలేని పెద్దవాళ్లు కూర్చొనే ఉండండి, ఫరవాలేదు. ఫోన్లు జేబుల్లో పెట్టుకుందాం. మన వసంతలక్ష్మి టీచర్ కోసం రెండు నిమిషాలు మౌనంగా ఉందాం.