ఎదురు గది

సాయంత్రం కుట్టు మిషన్లు ఆగాక, దర్జీ కొట్టు యజమానురాలి ముందుకు ఆమె దగ్గర పనిచేసే అమ్మాయి వచ్చి నిలబడింది.

"అక్కా, నేను సొంతంగా కొట్టు పెట్టుకుంటున్నా."

"నీ వాలకం చూస్తే తెలుస్తూనే ఉందిలే. ఎక్కడ?"

"ఊరి చివర. గది చూసుకున్నా."

"మతి పోయిందా? అంత దూరమా!"

"దగ్గర్లో పెడితే నీ బేరాలు పోతాయి కదక్కా."

"పిచ్చిమొహమా! ఒక్క కొట్టుంటే దారినపోయేవాళ్లు వస్తారు. నాలుగుంటే పక్క ఊళ్ల నుంచి వెతుక్కుంటూ వస్తారు. దారాలు, గుండీలు అమ్మేవాడూ ఇక్కడికే వస్తాడు. మన ఎదురు గది ఖాళీయేగా, రేపే తాళం తీయించు."

"మరి నీ చొక్కాలకి కాజాలెవరు కుడతారు?"

"నువ్వే. ఇన్నాళ్లూ జీతానికి కుట్టావు, ఇకనుంచి ధర చెప్పు. నేను గీసిగీసి బేరమాడతా. నువ్వు మాత్రం తగ్గకు!"