ఉప్పలయ్య పార ఇయ్యలే

ఉప్పలయ్య అని నీరటి ఉండెటోడు. చెరువు తూము తీసుడు, మూసుడు, ఎవలి మడికి ఎన్ని నీళ్ళో గన్ని ఇడిశుడు, గదే ఆయన పని. దొర కింద పని అనుకో. ఏమైందంటే, ఓ వానకాలం తూముల పెద్ద మొద్దు ఇరికిందంట. తూము మూతపడ్తలేదు, నీళ్ళు ఆగుతలేవు, కట్ట కోసుకపోతున్నది. దొర గొడుగు కింద నిలవడి, దిగురా అన్నడంట. దిగిండు. మునిగి మొద్దును గుంజిండు, గుంజంగనే తూముబండ జారి కుడిచెయ్యి మీద పడ్డది. మోచెయ్యి కాడికి పోయింది. కట్ట నిలిచింది, ఊరు నిలిచింది, చెయ్యి మాత్రం ఆ నీళ్ళల్లనే పాయె. చెప్పాలంటె నాకే పాణం ఉసూరుమంటది.

మూడు నెలలు మంచంల పడ్డడు. లేచి నడిచిండో లేదో, పార పట్టుకొని గడీకి రమ్మని దొర కబురు పంపిండంట. పోయి చూస్తె ఊరి రైతులంత ఉన్నరు, నడుమ పోశాలు అని ఓ పడుసు పోరడు ఉన్నడు. వీడే కొత్త నీరటి, ఒంటిచేత్తోని నీకు తూమేం సాగుతది, ఇంటికాడ కూసో, ఇన్ని గింజలు పంపిస్త తీయ్ అన్నడంట దొర. చూసిండ్రా, చెయ్యేమో దొర పనిల పోవాలె, పనేమో దొర నోటిమాటతోని పోవాలె! ఉప్పలయ్యకు కడుపు మండింది. నీ గింజలెవనిక్కావాలె, నా పని నాకు గావాలె అనుకున్నడు.

మన దిక్కు నీరటి మారితె పాతోడు కొత్తోని చేతిల పార పెట్టాలె గద, నలుగురి ముంగట, కుడిచేత్తోని. ఎడమచేత్తోని ఇచ్చిన పార ఎవ్వలు ముట్టరు, దాంతోని మలిపిన నీళ్ళు మడికి పెట్టుకోరు. తొందరల దొర గా సంగతే మరిచిండు. పార ఇయ్యిరా అన్నడు. ఉప్పలయ్య పార భుజం మీదికెల్లి దించనే లేదంట.

"కుడిచేత్తోని గద ఇయ్యాలె దొరా. నా కుడిచెయ్యి నీ తూముల ఉన్నది. పోయి దాన్ని తే, అదే ఇస్తది."

దొర మొఖం కందగడ్డ అయింది. గుంజుకోరా అని పోశాలు మీద ఒర్లిండంట. పోశాలు రెండు చేతులు ఎన్కకు కట్టుకున్నడు. గుంజుకున్న పార నీళ్ళు మాకొద్దని రైతులు గూడ లేసిండ్రు. యాసంగి నాట్లు నెత్తిమీదికొచ్చినయి, దొర ఏం జేస్తడు? తెల్లారి తూముకాడ ఉప్పలయ్యనే ఉన్నడు. బండ లేపేటప్పుడు పోశాలు ఓ చెయ్యి ఏస్తుండె, గంతే. సచ్చెదాక ఆయనే నీరటి.

ఇప్పుడు కొందరు ఏమంటరంటె, దొర దయగలోడు, చెయ్యి పోయినోన్ని గూడ పనిల ఉంచుకున్నడని. దయ లేదు, గియ లేదు. పని ఉప్పలయ్యది, ఆయన ఇయ్యలే.