పచ్చి ఇటిక పట్టిన చెయ్యి

నూకరాజని ఉండేవాడు మా నేలపూడిలో. ఎప్పుడు చూసినా మామిడితోటలోనే. గెడకి కట్టిన చిక్కానికందని కాయని చెట్టెక్కినోడు తెంపి వదిలితే, ఈయన కింద నిలబడి వట్టి చేతుల్తో పట్టేవాడు. నేల తగిలితే కాయ లోపల కమిలిపోద్ది కదా, అందుకని. కాయ చేతిలో పడుతుండగా చేతుల్ని కూడా దాంతోపాటు కిందకి దించేవాడంట, ఉయ్యాల్లో పిల్లని పడుకోబెట్టినట్టు. అలాంటోణ్ణి తెచ్చి క్రికెట్లో వికెట్ల వెనకాల నిలబెడితే ఏమవుద్ది? బంతి వచ్చి ఆయన చేతుల్లో నిద్రపోయేదనుకో. చప్పుడే ఉండేది కాదు. ఒకసారేమైందంటే, పొరుగూరి ఆటగాణ్ణి స్టంపింగ్ చేసేడు. ఒక్క బెయిలు తీసేడు, అంతే. ఆ కుర్రాడు ఔటైన సంగతి తెలీక తర్వాత బంతికి రెడీ అయిపోయేడు పాపం. బ్యాటింగూ అంతే. బంతిని కొట్టేవాడు కాదు, ఎటెళ్ళాలో దారి చూపించేవాడు.

కాలవ అవతల కొత్తమెరకలో తాతబ్బాయని ఇంకో కీపరు. ఆయనది ఇటికల బట్టీ పని. లారీ మీద నిలబడితే కిందనించి జతలు జతలుగా ఇటికలు విసిరేవారు, ఈయన టప్ టప్‌మని పట్టి పేర్చేవాడు. బంతి పట్టేడంటే ఆ చప్పుడికి కాలవలో పడుకున్న గేదెలు లేచి నిలబడేవంట. స్టంపింగ్ చేస్తే మూడు వికెట్లూ పీకేసేవాడు. ఇక బ్యాటింగంటావా, ఆయన ఆడినంతసేపూ ఈతొచ్చినోడొకడు కాలవలోనే ఉండాలి, బంతులు తియ్యడానికి. నేను కూడా కీపర్నేనోయ్, నవ్వకు. నన్ను జల్లెడ అనేవారు. కీపరు వదిలేసిన బంతులకి వచ్చే పరుగుల్ని బైస్ అంటారు కదా, మా ఊరి స్కోరు పుస్తకంలో ఆ గడిలో నా పేరు రాసేసేవారు. మూడు మ్యాచీలాడేక, ఒరే నువ్వు అంపైరింగ్ చెయ్యరా, అక్కడైతే ఏం పట్టక్కర్లేదు అన్నారు.

ఇంక మా రెండూళ్ళలో ఎవరు గొప్ప అన్న తగువు చూడాలి. సెలూన్లో రేడియో పెడితే, దేశాలేలిన కీపర్ల గురించి చెప్పేవారా, మావాళ్ళు అది కట్టేసి, ఆళ్ళ సంగతి తర్వాత, ముందు మన నూకరాజా తాతబ్బాయా తేల్చండి అనేవారు. సగం గెడ్డం గీయించుకున్నోడు కూడా లేచి అరిచేవాడనుకో. ఇదంతా తేలిపోవల్సిన రోజొకటుంది, ముప్ఫై ఏళ్ళ కిందట. రెండూళ్ళకీ మ్యాచి, ఆఖరి వికెట్టు, మా ఊరు గెలవడానికి ఇంకా రెండు పరుగులు కావాలి. బ్యాటు పట్టుకున్నది నూకరాజు, వెనకాల తాతబ్బాయి, అంపైరు నేను. ఏమైందంటే, బంతి బ్యాటు అంచుకి తగిలి కిందకి దిగింది, తాతబ్బాయి పడిపోతూ పట్టేడు. ఔటని ఆయన, నేల తగిలేక పట్టేవని ఈయన. రెండూళ్ళూ నా మీద పడ్డాయి. నేనేమన్నాను? ఎండ కళ్ళల్లో పడిందండీ, దేవుడికే తెలుసు అన్నాను. అంతే, మ్యాచి అలాగే ఉండిపోయింది. ఆ రోజునించి వాళ్ళిద్దరికీ మాటల్లేవు.

అలాంటిది, నూకరాజు కూతురు సత్యవేణి, తాతబ్బాయి కొడుకు మణికంఠా కాలేజీలో ఒకళ్ళనొకళ్ళు ఇష్టపడ్డారు. తండ్రులు కాదన్నారు, తల్లులు అవునన్నారు. అంటే ఏమైనట్టు? పెళ్ళైనట్టే. పీటల మీద కూడా మొగాళ్ళిద్దరూ సూటిగా మాట్లాడుకోలేదు. పంతులుగారూ, వారిని కాస్త జరగమనండి అని ఈయన. పంతులుగారూ, జరగడానికి చోటుంటే జరుగుతారని చెప్పండి అని ఆయన. పంతులుగారికి మంత్రాలకంటే ఈ మాటలు మొయ్యడమే ఎక్కువైపోయింది. ఎలాగో పుస్తె పడింది, భోజనాలయ్యేయి, అప్పగింతలకి పళ్ళెంలో పాలు తెచ్చేరు. తండ్రి కూతురి చేతిని పాలల్లో ముంచి మావగారి చేతుల్లో పెట్టాలి కదా. అప్పుడు పెళ్ళికొడుకు మేనమామొకడు, నోట్లో కిళ్ళీ ఉంది, ఊరుకోవచ్చు కదా, పెట్టండి పెట్టండి, మా బావ చేతులు ఏదీ వదలవు, కొందరివిలాగ మెత్తటివి కాదు అన్నాడు.

నూకరాజు కూతురి చెయ్యి వెనక్కి లాగేసేడు. ఆ చేతులు వదలవు, నిజమే, పట్టుకున్నదాన్ని పిండి చేసేస్తాయి, నా పిల్లని కమలకుండా పెంచుకున్నాను, ఆ చేతుల్లో పెట్టను, పంపను అన్నాడు. సన్నాయి ఆగిపోయింది. నూకరాజు పెళ్ళాం నెత్తి కొట్టుకుంది, పిల్ల మెళ్ళో తాళి పడ్డాక ఇప్పుడా నీకు క్రికెట్టు గుర్తొచ్చింది అని. అవతల ఆడాళ్ళు కారు దగ్గరనించి వెనక్కొచ్చేసేరు. తాతబ్బాయి మొహం చూడాలి, కోపం కాదు, ఎవరో చెంప మీద కొట్టినట్టు చిన్నబోయేడు. మణికంఠ అటూ ఇటూ చూస్తున్నాడు. సత్యవేణి మాత్రం కళ్ళు తుడుచుకుని, నాన్నా, నేను కాయని కాదు, మనిషిని, నీకంత అనుమానంగా ఉంటే ఆ చేతుల్ని నేనే పరీక్ష చేసి చూస్తాను, తొందర్లో బంతులాట మర్చిపోయేం కదా, అదవ్వనీ అంది.

పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ పూలబంతులు విసురుకుంటారు చూడు, ఆ ఆట. చేమంతులు పొద్దుటే గుచ్చేరేమో, ఎండకి వాడి, ముట్టుకుంటే రాలిపోయేలా ఉన్నాయి. సత్యవేణి అంది, మావయ్యగారూ, ఆయన వెనకాల నిలబడండి, ఒక్క రేకు రాలినా మా నాన్న మాటే, నేను ఇక్కడే ఉండిపోతాను. అమ్మో అన్నారందరూ. మా ఊరోళ్ళు, ఇంకేముంది, పొడైపోద్ది అని కబుర్లు. అరవైయేళ్ళ తాతబ్బాయి పట్టుపంచె ఎగ్గట్టి వంగేడు, మోకాళ్ళు టకటకమన్నాయి. నేను అక్కడే ఉన్నాను. ఆ పిల్ల గట్టిగా విసిరింది, మొగుడి నెత్తి మీదనించి. మణికంఠ ఎగరలేదు, పెళ్ళాం మొహమే చూస్తున్నాడు. వెనకాల తాతబ్బాయి చేతులు చాపేడు, బంతి వచ్చింది, ఆ చేతులు దాంతోపాటు మెల్లిగా కిందకి దిగేయి, దిగేయి, పొట్ట దగ్గర ఆగేయి. చప్పుడు లేదు. గేదెలు కాదు కదా, ఈగ కూడా లేవలేదు. దోసిలి తెరిచి చూపించేడు. ఒక్క రేకు రాల్లేదు.

నూకరాజు నోరు తెరిచి చూస్తున్నాడు. తాతబ్బాయి ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి సూటిగా మాట్లాడేడు. బావగారూ, మీరు నేను కాలిన ఇటిక పట్టడమే చూసేరు, పచ్చి ఇటిక ఎత్తడం చూళ్ళేదు, అచ్చులోంచి తీసి ఎండలో పెట్టేటప్పుడు వేలిముద్ర పడితే ఇటిక పోయినట్టే, చిన్నప్పణ్ణించీ అదే చేసేను, మెత్తగా పట్టడం రాక కాదు, బంతి కాలిన ఇటికలాంటిదని అలా పట్టేను, మీ అమ్మాయి పచ్చి ఇటికని నాకు తెలీదా అన్నాడు. నూకరాజు పాల పళ్ళెం దగ్గరకి జరిగేడు. కూతురి చెయ్యి పాలల్లో ముంచి ఆ చేతుల్లో పెట్టేడు. పెట్టి, వెంటనే తియ్యకుండా, ఆయన వేళ్ళు చూస్తూ ఉండిపోయేడు. ఇద్దరివీ చిటికెన వేళ్ళు ఒక్కలాగే వంకర, కీపర్లందరికీ అంతే కదా.

అప్పుడు మొదలైంది అసలు తగువు. తాతబ్బాయి అన్నాడు కదా, బావగారూ, ఆ రోజు బంతి నేల తగిలింది, మీరు ఔట్ కాదు. నూకరాజు గయ్యిమన్నాడు, ఎలా తగుల్తుంది, నా కళ్ళతో చూసేను, శుభ్రంగా పట్టేరు, నేనే అబద్ధమాడేను. కాదు మీరే గొప్ప అని ఆయన, నోరుముయ్యండి మీరే గొప్ప అని ఈయన. ఇద్దరూ కలిసి నా మీదకొచ్చేరు, అంపైరూ, ఇప్పుడైనా చెప్పు అని. ఏం చెప్పను? ఎండా లేదు, దేవుడూ లేడు. బంతి దగ్గరకొస్తే కళ్ళు మూసుకోవడం నాకు కీపరుగా ఉన్నప్పట్నించీ అలవాటు, ఆ రోజూ మూసుకున్నాను. అదే చెప్పేను. ఇద్దరూ కలిసి తిట్టేరు. వాళ్ళిద్దరూ ఒక్క జట్టుగా ఆడ్డం అదే మొదలు.

కారు కదిలేటప్పుడు సత్యవేణి కిటికీలోంచి ఆ పూలబంతి విసిరింది, జల్లెడ బాబాయ్, పట్టుకో అని. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచి చూస్తే బంతి నా చేతుల్లో ఉంది. ఎడంపక్క నూకరాజు, కుడిపక్క తాతబ్బాయి, ఇద్దరూ ఆకాశంకేసి చూస్తున్నారు, ఏం ఎరగనట్టు. అది ఎవరు పట్టి నా చేతుల్లో పెట్టేరో నేను ఇప్పటిదాకా అడగలేదు. అడిగితే నా క్యాచీ పోదూ?