రేపటి రేటు

2004. రావులపాలెంలో పెద్దిరాజుగారి అరటి ఎగుమతుల ఆఫీసు. మెయిల్ సర్వర్ చూసే సూర్యకళ ఆయన ఎదురుగా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంది.

"రెండూ మెయిళ్ళ మీద కన్నేసి ఉంచే సాఫ్ట్‌వేర్లే కదా, తేడా ఏంటి?"

"ఇదేమో లెక్క చెప్తుందండి. ఎవరి దగ్గర్నించి ఎన్ని వెళ్ళాయి, సర్వర్లో ఎన్ని ఆగాయి... రోజూ పొద్దున్నే రిపోర్టు వస్తుంది. మనకి సరిపోతుందండి."

"రెండోది?"

"అది... అది బాగా నెమ్మదండి. సర్వర్ మొరాయిస్తుంది."

"నెమ్మదా అని కాదు నేనడిగింది. ఏం చెప్తుందని."

"ఎవరు ఎవరికి పంపారో చెప్తుందండి. లోపల ఏం రాశారో కూడా."

"అదే కదమ్మా నాక్కావాల్సింది. రేపు గెలకి ఎంతదాకా ఇవ్వచ్చో సాయంత్రం ఇక్కడ అనుకుంటాం, బ్రాంచీలకి మెయిలు పెడతాం. తెల్లారి మార్కెట్టుకి వెళ్ళేసరికి రైతులకి ఆ రేటు తెలిసిపోయి ఉంటుంది. ఒక్కడూ దానికి రూపాయి కూడా దిగడు. ఇక్కడి మాట ఎవరో బయటికి మోస్తున్నారు."

"ఆ అనుమానంతోనే గుమాస్తా సత్తియ్యగారిని తీసేశారు కదండీ."

"తీసేశాక కూడా ఆగలేదు."

"అయితే ఆయన కాదనే కదండీ. పిల్లలున్నవాడు, వెనక్కి పిలవండి."

"ఎవరో తేలనీ, పిలుస్తా. ముందు ఆ రెండోది పెట్టు."

"వద్దండి. ఆఫీసులో ఆడవాళ్ళు ఇళ్ళకి రాసుకుంటారు, ఒంట్లో బాలేదనీ అదనీ. అవన్నీ చదువుతామా? పాపం కదండీ."

"నువ్వు రాస్తావా ఇంటికి?"

"ఎప్పుడైనా అండి."

"ఎవరికి?"

"అన్నయ్యకండి. ఆత్రేయపురంలో నెట్ సెంటరుంది."

"నాన్నగారు?"

"వ్యవసాయమండి."

"ఏం వ్యవసాయం?"

"అరటేనండి. కౌలుకి. పోయినేడు గాలివానకి తోటంతా పడిపోయింది. ఈసారి కూడా రేటు రాకపోతే... రాజుగారూ, ఆ లెక్కలదే పెడదామండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"లే, లే. కాళ్ళెందుకు. నువ్వు సెలవు పెట్టిన రోజున రాజమండ్రి నుంచి మనిషిని పిలిపించి ఆ రెండోది పెట్టించేశాను."

"పెట్టించేశారా అండీ?"

"నిన్నటిది చదవనా? 'అన్నయ్యా, రేపు తొంభై దాకా ఇస్తారు. నాన్నకీ మనవాళ్ళకీ అంతకి దిగొద్దని చెప్పు.'"

"తప్పయిపోయిందండి. నేనేనండి. నన్ను తీసెయ్యండి, సత్తియ్యగారిని పిలవండి. నాన్న జోలికి మాత్రం వెళ్ళొద్దండి."

"తీసెయ్యడమెందుకు? నీ ఉద్యోగం నీదే. సత్తియ్య కూడా రేపొస్తాడు."

"నిజంగానా అండీ?"

"నిజంగానే. కళ్ళు తుడుచుకో. తుడుచుకుని అన్నయ్యకి రోజూలాగే మెయిలు పెట్టు. నువ్వు రాసిందంటే మీ ఊరంతా నమ్ముతుందట కదా. రేపు నలభై దాటదని రాయి."